కుట్టత్త పీటముడి

ఆ ఇంట్లో కుట్టేవాళ్ళు ఇద్దరు. ఆడపడుచు గుడ్డలు కుడుతుంది, వదిన మాటలతో కుడుతుంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, ఆ సగం ఎవరి వాటాలో కలిసిపోయిందో, ఈవిడకు దక్కింది మాత్రం వంటింటి పక్కన కుట్టుమిషను పట్టేంత గది. పిల్లలు కుట్టత్త అంటారు. పగలు కర్టెన్ల దుకాణంలో పని, వచ్చాక ఇంటి చాకిరీ. నోరు తెరిచి ఏదైనా అడిగిందా, వదిన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది: "నా దగ్గర వేషాలెయ్యకు."

చివరికి ఆవిడ నిజంగానే వేషం కట్టింది.

దుకాణంలో ఎవరో వదిలేసిన పత్రికలో జపాన్ నక్క వేషం బొమ్మ కంటబడింది. తెల్లటి నక్క మొహం, వెడల్పు చేతుల అంగీ. ఆదివారం ఊళ్ళో వేషాల పోటీ అని ఏదో గోడ మీద చదివాక ఇక మనసు ఆగలేదు. కర్టెన్ ముక్కలతో అంగీ కుట్టింది. కాగితపు గుజ్జుతో మొహం చేసి, తడిగా ఉండగానే తాళ్ళు అందులో పొదిగేసింది. మొదటిసారి పెట్టుకుంటే ముక్కు ఒరుసుకుపోయింది, లోపల దూది అతికించింది. ఇంకోసారి ఊపిరి తడికి మూతి మెత్తబడితే, కింద కనబడకుండా చిల్లులు పొడిచింది. పోటీ అయ్యేదాకా అందులో ఉండగలదా లేదా, అదే తేలాలి. వదిన పుట్టింటికి బయల్దేరగానే మళ్ళీ తొడుక్కుంది.

ఉండగలిగింది. విప్పుకోలేకపోయింది.

తప్పంతా చేతిది. ఏ తాడు దొరికినా పీటముడి వేసి బిగలాగడం దానికి అలవాటు. ఈసారి ఆ ముడిలో నాలుగు వెంట్రుకలు కూడా పడ్డాయి. చెమటకు అది రాయిలా బిగిసింది, గోళ్ళు విరిగాయే గానీ కదల్లేదు. తాడు కోస్తే పొట్టిదైపోతుంది, ఆదివారంలోగా ఇంకో మొహం ఆరదు. ఇరుగుపొరుగును సాయం పిలిస్తే, వదిన ఇల్లు చేరకముందే ఆ కబురు ఆవిడ చెవిన పడుతుంది. గోడ తడుముకుంటూ ముందుగదిలోకి వచ్చింది. ఆ ఇంట్లో ఊపిరాడకపోవడం ఆవిడకు కొత్తేం కాదు. ఈ చెర మాత్రం స్వయంగా చేసుకున్నది, అందుకే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే అందవు.

అంతలో వీధి తలుపు తాళం తిరిగింది. బస్సు తప్పిపోయి వదిన వెనక్కి వచ్చేసింది.

"అమ్మ బాబోయ్!" చేతిలో సంచి జారిపడింది. "ఎ... ఎవరండీ మీరు? ఆయన లేరండీ. ఇంట్లో ఎవరూ లేరు!"

కుట్టత్త "నేనే" అనబోయి ఆగిపోయింది. వదిన ఆ ఇంట అడుగుపెట్టాక తనను మీరు అనడం అదే మొదలు. ఎవరూ లేరనడమైతే వదినకు అలవాటే.

"నేనున్నాను కదా వదినా," అంది.

భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నువ్వటే! ఏం వేషాలే ఇవి? గుండె ఆగినంత పనైంది! ఉండు, చాకు తెచ్చి పరపరా కోసేస్తా."

"చాకు వద్దు. సూదితో విప్పు. ఆదివారం మళ్ళీ కట్టుకోవాలి."

మూతి చిల్లుల్లోంచి ఆ గొంతు బొంగురుగా, ఎవరిదోలా వచ్చింది. నక్క మొహం వదిన వైపే చూస్తోంది. వదిన సూదుల డబ్బా తీసింది. కాలితో పీట ముందుకు జరిపింది.

"సరే, కూర్చోండి," అంది నోరు జారి.