అరిగిన వెన్నుపూసలు

తిమ్మయ్య కువైట్‌కు వచ్చి పందొమ్మిదేళ్ళు. షుఐబా రేవులో సిమెంటు బస్తాలు మోసి నడుము పోగొట్టుకున్నాక, ఎడారిలో పాత సమాధులు తవ్వుతున్న పోలండ్ వాళ్ళ దగ్గర ఇసుక తట్టలు ఎత్తే పనికి కుదిరాడు.

వాళ్ళు ఆరుగురూ బాగా చదువుకున్నవాళ్ళే గానీ, ఒకరి చదువు ఇంకొకరికి రాదు. ఒకాయనకు గవ్వలు తప్ప ఏదీ పట్టదు. ఒకామె వేల ఏళ్ళ కిందట మాడిపోయిన గింజలు ఏరుతుంది. భాషల పండితుడొకాయన అన్నం దగ్గర తిమ్మయ్యను కూర్చోబెట్టుకుని నీళ్ళకూ నిప్పుకూ తెలుగులో ఏమంటారో రాసుకుంటాడు. హన్నా మేడంది ఎముకల చదువు.

ఒక మధ్యాహ్నం సమాధిలో అస్థిపంజరం బయటపడింది. హన్నా కుంచెతో దుమ్ము దులిపి, తనకు వచ్చిన అరబ్బీలో తిమ్మయ్యకు చెప్పింది.

"ఈ వెన్నుపూసలు ఎలా అరిగాయో చూడు. బతికినన్నాళ్ళూ బరువులు మోశాడు. పోయి నాలుగు వేల ఏళ్ళయింది."

తిమ్మయ్య తట్ట దించి అక్కడే కూలబడ్డాడు.

"చచ్చి ఇన్నేండ్లయినా నీ బరువు దిగల్యా నాయనా!" అని ఆ ఎముకలతో అన్నాడు.

పని పోతుందని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని నొప్పిని ఆ రోజు హన్నాకు చెప్పుకున్నాడు. ఆమె అతని నడుము తడిమి చూసి, మేస్త్రీని పిలిచి మాట్లాడింది. మర్నాటి నుంచి తిమ్మయ్య డేరా నీడలో కూర్చుని కుండపెంకులు కడిగాడు. నొప్పి పోలేదు గానీ, పెరగడం ఆగింది.