బంగారి కన్ను, మా ఆయన ఎడమ దిక్కు

ప్రభువు నామంలో ఇక్కడ కూడుకున్న మా పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, సహోదర సహోదరీలందరికీ నా వందనాలు! నాకు మైకు పట్టుకొని మాట్లాడుడు అలవాటు లేదు, పాట పాడమంటే పాడుత గాని దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే భయం. కానీ మా ఆయన మళ్ళ మందిరానికి వచ్చినప్పటి నుంచి మీలో మస్తుమంది నన్ను గేటు కాడ ఆపి ఒక్కటే అడుగుతున్నరు, మగవాళ్ళ దిక్కు అన్ని కుర్చీలు ఖాళీ ఉంటే మీ ఆయన ఆడవాళ్ళ వరుసలు దాటి అవతల గోడ పక్కకు పోయి ఎందుకు కూర్చుంటున్నడు అని. నవ్వినోళ్ళు కూడ ఉన్నరు, నేను చూసిన! అది చెప్పాలంటే ముందు ఒక చేప గురించి చెప్పాలె, జర ఓపిక పట్టి వినండి.

సహోదరులారా, మా ఇంట్ల ఒక చీకటి కాలం నడిచింది. మా ఆయన సూరారంలో ఇనుప సామాన్లు చేసే షెడ్డుల పని చేసేటోడు, ఒకనాడు గ్రైండింగ్ చేస్తుంటే ఇనుప రవ్వ ఎగిరి ఎడమ కంట్ల పడ్డది. దవాఖానలో డాక్టర్లు చేయాల్సిందంతా చేసిన్రు, కుడి కన్ను దక్కింది, ఎడమ కన్ను చూపు పోయింది. కన్ను పోతే పోయింది, మనిషి దక్కిండు కదా అని నేను అనుకున్న. కానీ దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది నా మనిషి కాదు! వెనక అర్రల మంచం మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే, అద్దం తీసి బీరువా వెనకకు పెట్టిండు, ఎవరన్న చూడొస్తే పడుకున్నడని చెప్పమన్నడు, మందిరం మానేసిండు, ఎప్పుడూ గడపల నిలబడి బహదూర్‌పల్లి రోడ్డంత వినబడేటట్టు నవ్వేటోడు నవ్వుడే మరిచిపోయిండు. 

ఆ మంచం కుడి పక్క గోడ ఉంటది. అందుకని నేను కంచంల అన్నం కలుపుకొని ఎడమ పక్కన కూర్చునేదాన్ని. ఏమన్న మాట్లాడితే మొఖం గోడ దిక్కు తిప్పుకునేటోడు. ఒక్కసారి కూడ నా దిక్కు తిరిగి చూడలే. నా మీద కోపమేమో, నా మొఖం చూడబుద్ధి అయితలేదేమో అని నేను వంటింట్ల కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చేదాన్ని. మోకాళ్ళ మీద పడి ఒక్కటే ప్రార్థన చేసేదాన్ని: "ప్రభువా, కన్ను అడుగుతలేను. ఆయన ఒక్కసారి నా దిక్కు చూస్తే చాలు తండ్రీ!"

మా ఇంటి ముందట సీతాఫలం చెట్టు కింద చిన్న చేపల కుంట ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటుతోటి మా ఆయనే కట్టిండు, ఎర్ర బంగారు రంగు చేపలు తెచ్చి వేసిండు. అందులో అన్నిటికంటే పెద్దది బంగారి, ఆయన వేలు నీళ్ళల్ల పెడితే వచ్చి ముద్దుపెట్టినట్టు చేసేది. ఆయన అర్రల పడ్డంక కుంట సంగతి ఎవరికి పట్టింది? మా అత్తమ్మ జాలిపడి మిగిలిన అన్నం, ఇడ్లీ ముక్కలు వేసేది, ఆకులు రాలి అడుగున కుళ్ళినయ్. ఒకనాడు పొద్దున నేను మేత వేస్తుంటే చూసిన, బంగారి ఎడమ కన్ను వాచి బుడగలాగ బయటికి ఉబ్బింది! వేరే ఏ చేపకు, వేరే ఏ జబ్బు వచ్చినా నేను అంత భయపడకపోదును. ఇది ఆయన చూస్తే ఏమైపోతడు? నేను, అత్తమ్మ గుసగుసలాడుకొని ఆయనకు చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్నం.

ఇగ మా అత్తమ్మ సంగతి మీకు తెలుసు. అగో, ముందు వరుసల కూర్చొని తల దించుకుంటున్నది చూడండి! ఉపవాస ప్రార్థనల అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా ఆమె దిండు కిందనే ఉంటది. తలనొప్పికి ఆ నూనే, మోకాలికి ఆ నూనే, మిక్సీ తిరగకపోతే దానికి కూడ ఒక చుక్క రాస్తది. నేను నల్లా కాడ బట్టలు ఉతుకుతుంటే ఆమె కుంట ఒడ్డున మోకరించి ఏడ్చుకుంట ప్రార్థన చేస్తున్నది: "యేసయ్యా, నా కొడుకు కన్ను ఇయ్యమంటే ఇయ్యకపోతివి, గీ నోరులేనిదాని కన్నన్న బాగుచెయ్యి నాయినా!" ఆ మాట విని నాకూ ఏడుపొచ్చింది, నేనూ కండ్లు మూసుకొని ఆమెన్ అన్న. కండ్లు తెరిచి చూస్తే సీసా ఖాళీ! చేప తలకు రాయనీకి దొరకలేదంట, అందుకని మొత్తం కుంటల పోసింది!

నూనె నీళ్ళ మీద తెట్టులాగ పరుచుకున్నది. కాసేపటికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుసుకుంట గాలి కోసం కొట్టుకుంటున్నయ్. నాకు ఏం చెయ్యాల్నో తెల్వలే, "అయ్యో, చేపలు సచ్చిపోతున్నయ్!" అని గట్టిగ కేక వేసిన. అంతే సహోదరులారా! దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి గడప దాటని మనిషి, లుంగీ ఎగగట్టి పరుగెత్తుకుంట బయటికి వచ్చిండు!

"ఎవలు పోసిన్రు గీ నూనె? పాత పేపర్లు తే, జల్దీ!" అన్నడు. ఎన్నాళ్ళకు విన్న ఆ గొంతు! పేపర్లు నీళ్ళ మీద పరిచి నూనె తీసి పారేసిండు, పైపు పెట్టి కుంట పొంగేదాక నీళ్ళు వదిలి మిగిలిన నూనె కూడ ఒడ్డు మీద నుంచి పోనిచ్చిండు. చేపలన్నీ బతికినయ్. అప్పుడు చూసిండు బంగారిని. ఆయన రెండు చేతులు నీళ్ళల్ల పెట్టి మెల్లగ దాన్ని పైకి తీసుకొని చూసి, "నీకు కూడనా?" అన్నడు. అంతే అన్నడు.

నూనె పని చెయ్యలేదని నేనెట్ల అంట చెప్పండి! చేప కోసం పోసిన నూనెతోటి దేవుడు నా ఇంటాయనను బయటికి తెచ్చిండు. హల్లెలూయ!

ఆనాటి నుంచి చేపకు వైద్యం మొదలైంది. నల్లా నీళ్ళల్ల మందు వాసన ఉంటదని డ్రమ్ములో పట్టి ఎండకు ఉంచి, ఆ నీళ్ళు నీలం టబ్బుల పోసి, కొంచెం కల్లుప్పు కరగబెట్టి బంగారిని ఒక్కదాన్నే అందులో వేసిండు. రోజూ కొన్ని నీళ్ళు తీసి కొన్ని పోసుడు. నీళ్ళు కుళ్ళినందుకే వాచిందని కుంటలకు దిగి అడుగున ఉన్న బురదంత ఎత్తిపోసిండు. అత్తమ్మ ఇడ్లీ తెస్తే, "అమ్మా, నీకు దండం పెడత, అది నువ్వు తిను!" అన్నడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నం.

వాపు తగ్గుతలేదని మందు కోసం పేట్ బషీరాబాద్‌ల చేపల దుకాణానికి పోత అన్నడు. నేను పోత అంటే, "నీకు ఏం అడగాల్నో తెల్వది" అని నల్ల అద్దాలు పెట్టుకొని ఒక్కడే బస్సెక్కిండు. ఆయన తిరిగొచ్చేదాక నేను గేటు కాడనే నిలబడ్డ: "ప్రభువా, రోడ్డు మీద లారీలు మస్తు తిరుగుతయ్, ఆయనకు ఎడమ దిక్కు ఏం కనబడది, ఆ దిక్కు నువ్వు నడువు తండ్రీ!" చూడండి, నా నోటితోనే అన్న ఆ మాట. అయినా నాకు తట్టలే!

దేవుడు క్షేమంగ తెచ్చిండు. మందు పడ్డంక మెల్లమెల్లగ వాపు తీసింది, కానీ కన్ను తెల్లబడ్డది, చూపు రాలే. మళ్ళ ఆయన మనసు విరుగుతదని నేను భయపడ్డ. బంగారిని తిరిగి కుంటల వదిలి మేత వేసిండు, ఎడమ పక్కన పడ్డ మేతను అది చూడకుండనే పోయింది. ఆయన కాసేపు చూసి, లేచి చుట్టూ తిరిగి అవతలి ఒడ్డుకు పోయి, మంచి కన్ను దిక్కు మేత వేసిండు. గబుక్కున వచ్చి తిన్నది! అట్లనే గొంతుక్కూర్చొని, తల వంచుకొని నాతోటి అన్నడు:

"కరుణా, ఇగ నుంచి నాకు కుడి దిక్కు కూర్చో. ఎడమ దిక్కు కూర్చుంటే నువ్వు నాకు కనబడవు. నీ దిక్కు తిరిగితే గీ పాడు కన్ను చూసి నువ్వు బుగులుపడతవని, జడుసుకుంటవని తిరగలే."

సహోదరీలారా, కోపం కాదు! అన్ని రోజులు ఆయన నన్ను చూడలేక, నేను ఆయనను అర్థం చేసుకోలేక, ఇద్దరం ఒక్క గదిల ఒంటరిగ ఏడ్చినం. నేను అక్కడనే బురదల కూర్చొని ఆయన కుడి భుజం మీద తల పెట్టి ఏడ్చిన. మరునాడు మంచాన్ని గోడ నుంచి జరిపినం.

కన్ను రాలే. చేపకూ రాలే, ఆయనకూ రాలే. అయినా మాది విడుదల పొందిన ఇల్లు అనే నేను చెప్త. మీ ఇంట్ల కూడ ఎవరన్న గోడ దిక్కు మొఖం తిప్పుకొని ఉంటే ఆశ వదులుకోకండి, దేవుడు మీ ప్రార్థన విన్నడు, ఆయనను నమ్మండి, నమ్మి లేచి ఇంకో పక్కకు పోయి కూర్చోండి.

ఇగ మీరడిగినదానికి జవాబు. మన మందిరంలో మగవాళ్ళు కుడి దిక్కు, ఆడవాళ్ళు ఎడమ దిక్కు కూర్చుంటం కదా? మగవాళ్ళల్ల కూర్చుంటే నేను ఆయనకు ఎడమ దిక్కు పడుత. అందుకే మా అయ్యగారిని అడిగి ఆ గోడ పక్కకు పోయిండు. అగో, ఇప్పుడు కూడ నా దిక్కే చూస్తున్నడు. దేవునికే మహిమ!