చుక్కచుక్కగా పడాల్సిన సున్నపు తేట

మొన్న కడపలో ఉంటున్న మా అన్న కొడుకు ఇంట్లో ఉప్పునీటి చేపల తొట్టి పెట్టుకుంటూ, అందులోకి సున్నపు తేట కొలతగా వదిలే డోసింగ్ పంపు ఏది కొనమంటావు చిన్నాయనా అని రెండు పంపుల బొమ్మలు ఫోనుకు పంపించాడు. చిన్నది కొనరా అని ఒక్క ముక్క రాసి ఫోను పక్కన పడేశాను గానీ, ఆ సాయంత్రం అన్నం సయించలేదు. వాడప్పుడు పాలు తాగే పిల్లవాడు. రాయచోటిలో మా ఇంట్లో సరిగ్గా ఈ మాట మీదే ఒకప్పుడు ఏం జరిగిందో వాడికెలా తెలుస్తుంది!

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వచ్చిన ఆ కరువు సంగతి మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా? కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చిందంటే మాత్రం బిందెలూ గంగాళాలే కాదు, పాలగిన్నెలూ చెంబులూ కూడా నింపుకోవాల్సిందే. మా నాయనకు బజారులో సున్నం, రంగుల అంగడి ఉండేది. ఎంత పెద్ద బేరం మధ్యలో ఉన్నా, కొళాయి వచ్చిందని కబురు అందితే చాలు, పంచె ఎగ్గట్టుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చేవాడు. అలాంటి ఇంట్లో అద్దాల తొట్టి నిండా నీళ్లు, అవీ గొంతులోకి దిగని ఉప్పునీళ్లు! మాకు పిచ్చి పట్టిందనే వీధిలో అందరూ అనుకున్నారు.

అది మా వదిన కోసం. ఆమెది నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డు ఊరు. తండ్రి పోయి, అన్నదమ్ములు ఇల్లు అమ్ముకుని తలో దిక్కు వెళ్లిపోయాక ఆమెకు పుట్టిల్లంటూ మిగల్లేదు. నెలల తరబడి నోరు విప్పి మాట్లాడటమే మానేసింది. మా అన్నకు ఓదార్చడం చేతకాదు, ఏం చేయాలో తోచక మద్రాసు పోయి తొట్టీ, సముద్రపు ఉప్పు పొట్లాలూ, రెండు చేపలూ, నీళ్లలో పూలలాగా విచ్చుకునే ప్రాణమున్న పగడాలూ బస్సులో వేసుకొచ్చాడు. ఆ రోజు వదిన నవ్వింది. ఆ నవ్వు నిలబెట్టుకోవాలనే ఇంటిల్లిపాదికీ ఆరాటం.

పగడాలు నీళ్లలోని సున్నం తీసుకునే ఒళ్లు కట్టుకుంటాయట. తగ్గినదంతా మళ్లీ పోస్తూ ఉండాలి. వదిన సున్నం కలిపి తేరనిచ్చి, ఆ తేటను సెలైన్ గొట్టంలోంచి చుక్కచుక్కగా వదిలేది. మా అంగడి సున్నం పనికిరాదని మద్రాసు నుంచి తెప్పించినందుకు మా నాయన కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నాడు కూడా. గొట్టం మాటిమాటికీ పూడుకుపోయేది, అందుకని ఆమె తొట్టిని వదిలి గడప దాటేది కాదు.

అంతలో ఆ సముద్రపు ఒడ్డునే ఉన్న వాళ్ల అక్క ఇంట పెళ్లి వచ్చింది. వెళ్లాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. దాంతో పంపు మాట వచ్చింది. మద్రాసు చేపల అంగడతను చెప్పింది చిన్నది, గొట్టాన్ని చక్రాలతో నొక్కుతూ రోజంతా చుక్కలు వదులుతుంది. కర్నూలులో నీళ్ల ప్లాంట్ల సామాన్లు అమ్మేచోట దొరికింది పెద్దది, కాసేపట్లో చెంబుడు చిమ్ముతుంది. ఇంట్లో ఉన్న ఇన్వర్టరు నీళ్లు తిప్పే మోటారుకే చాలీ చాలనట్టుండేది.

మా నాయన తేల్చేశాడు. “రోజంతా చుక్కలేసేదానికి కరెంటు యాడుండాదప్పా? వచ్చినప్పుడే ఆ పొద్దుకు కావాల్సింది పోసేయాల.”

మా అందరికీ అదే సబబనిపించింది. నీళ్లతోనూ కరెంటుతోనూ మేం బతికింది ఆ పద్ధతిలోనే కదా. ఒక్కసారిగా పోస్తే అవి తట్టుకోలేవు మామయ్యా, చుక్కచుక్కే పడాల అని వదిన ఒక్కతే అంది. పెద్దాయన మాటే చెల్లింది. పెద్దదే కొన్నాం. తొట్టికి తానే కాపలా ఉంటానని నాయన ఆమెనూ పిల్లవాణ్ణీ బస్సెక్కించి వచ్చాడు.

ఆమె వెళ్లాక గాలివానకు స్తంభాలు పడిపోయి ఒక రోజంతా కరెంటు లేదు. మర్నాడు రాగానే నాయన నిన్నటిదీ, ఆ రోజుదీ, మళ్లీ పోతుందేమోనని రేపటిదీ కలిపి వదిలేశాడు. కొళాయి కింద బిందె తర్వాత బిందె పెట్టినట్టే, ఎంతో జాగ్రత్తగా. చూస్తుండగానే తొట్టి మజ్జిగలాగా తెల్లబడిపోయింది. చేపలు తేలిపోయాయి. ముడుచుకున్న పగడాలు మళ్లీ విచ్చుకోలేదు. నాయన తొట్టి ముందు చతికిలబడ్డాడు, అన్నానికి పిలిచినా లేవలేదు.

వదిన సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకుని తిరిగొచ్చింది. “తక్కువైతాదేమోనని పోసినానమ్మా” అన్నాడు నాయన. ఆమె తిట్టి ఉంటే మాకు ఎంతో బాగుండేది. ఆ తర్వాత కొళాయి వచ్చిన రోజు చింతపండు వేసి తొట్టిని తనే తోమి, తాగేనీళ్లతో అంచుదాకా నింపింది. సముద్రం మాట ఇక ఎత్తలేదు. పోను పోను కొళాయి వస్తే అందరికంటే ముందు చెంబులూ గిన్నెలూ తెమ్మని కేకలు వేసేది ఆమే అయింది.

కొన్నేళ్ల కింద ఆమె కడప ఆసుపత్రిలో మంచాన పడి ఉన్నప్పుడు నేను పక్కన కూర్చున్నాను. చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఆమె చాలాసేపు ఆ చుక్కలనే చూసి, “శానా బిరబిరా పోతాండాది, సన్నగా పెట్టించప్పా. చుక్కచుక్కే పడాల” అంది. నర్సును పిలిచి సన్నగా పెట్టించాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆ వేసవి దాటలేదు.

ఇప్పుడు కరెంటు పోవడమే అరుదు, కొళాయి పొద్దున్నే వస్తుంది. నేను మాత్రం ఇప్పటికీ చెంబుతో సహా నింపుకుంటాను, చూసి మా కోడలు నవ్వుతుంది. నిన్న అన్న కొడుకు చిన్న పంపు బిగించి, అది పనిచేస్తున్నప్పుడు వీడియో తీసి పంపాడు. ఒక చుక్క పడింది, చాలాసేపటికి ఇంకొకటి. అంత నిదానంగా పోయడానికి ఇప్పుడు మావాడి ఇంట్లో కరెంటూ పంపూ అన్నీ ఉన్నాయి, చూసి నవ్వడానికి వదినే లేదు.