ఏసుదాసుగారి సెలవు చీటీ తనిఖీ

పనివేళల్లో మనిషన్నవాడు రోడ్డు మీద కనిపిస్తే చాలు, ఏసుదాసుగారు సెలవు చీటీ అడక్కుండా ఉండలేరు. మన సైన్యంలో మిలిటరీ పోలీసుగా ఇరవై రెండేళ్లు రైల్వే ప్లాట్‌ఫారాల మీద నిలబడి, సెలవు మీద ఇళ్లకు పోయే జవాన్ల కాగితాలు చూసిన మనిషి. రిటైరై, నర్సు ఉద్యోగం చేసే కూతురు డెబోరా దగ్గరికి ఐర్లాండులోని టాలట్ వచ్చేశాక కూడా ఆ చెయ్యి చాచిన చోటే ఉండిపోయింది.

పక్కింటి మంగాదేవి ఈ తనిఖీలన్నీ వంటింటి కిటికీలోంచి చూసేది. ఐర్లాండులో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇబ్బడిముబ్బడిగా పెరుగుతున్న రోజులవి. వారానికో తెలుగు కుటుంబం దిగేది. దిగినవాళ్లందరూ ముందు ఈయనకు చిక్కేవారు.

మంగాదేవి అల్లుడు శ్రీధర్ ఓ మంగళవారం పదకొండింటికి పాల కోసం బయటికొచ్చి దొరికిపోయాడు.

"చీటీ?"

"ఇవాళ వర్క్ ఫ్రమ్ హోమ్ అంకుల్."

"హోమ్ అక్కడుంది. నువ్విక్కడున్నావు."

శ్రీధర్ వెనక్కెళ్లి మీటింగులో కూర్చున్నాడు. ఆ పూట మంగాదేవి పాలు లేని టీ తాగింది. తర్వాత అతనికి జ్వరమొస్తే, డాక్టరు రాసిన కాగితంలో సంతకం కింద తేదీ లేదని ఏసుదాసుగారు తిప్పి పంపారు.

ఓ గురువారం సాయంత్రం అయిదింటికి మంగాదేవి కూరగాయలతో లువాస్ ట్రామ్ దిగేసరికి, ఆ స్టాపులో ఏసుదాసుగారు యోనా ముందు నిలబడి ఉన్నారు. యోనా అదే వీధిలో ఉండే లీలారాణి కొడుకు, ఐరిష్ సైన్యంలో కుర్ర సిపాయి. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. మంగాదేవి సంచీ దించి, వినపడేంత దూరంలో కూర్చుంది.

"చీటీ?"

"అయామ్ గ్రాండ్, అంకుల్."

"నువ్వెలా ఉన్నావని అడగలేదు."

కుర్రాడు చీటీ చూపించి విషయం కక్కాడు. దాని ప్రకారం ఆరింటికల్లా బారక్స్‌లో ఉండాలి. రెండు ట్రాములు వదిలేశాడు. రేపు పొద్దున అమ్మకు ఆపరేషన్. ఇంకో రెండు రోజులు అడిగితే సార్జెంటు కాదంటాడని అడగనే లేదు. ఇక వెళ్లనంటాడు.

"బైబిల్లో యోనా కూడా పంపిన చోటికి పోకుండా ఓడెక్కి పారిపోయాడు. పేరు పెట్టేటప్పుడే మీ అమ్మ ఆలోచించాల్సింది."

పోలీసులకు పట్టిస్తారేమోనని మంగాదేవి కేకేసింది. "అన్నయ్యగారూ, వదిలెయ్యండి పిల్లాణ్ణి!"

"కూర్చోండమ్మా."

"కూర్చునే ఉన్నానుగా!"

"ఒరే, ఫోన్ తియ్యి. ఆరు దాటాక చేస్తే పారిపోయినవాడివి. దాటకముందు చేస్తే సెలవడిగినవాడివి. ఇంకా యాభై ఎనిమిది నిమిషాలుంది."

యోనా నంబరు నొక్కాడు. అవతల సార్జెంటు గొంతు వినగానే ఇవతల కుర్రాడి గొంతు పోయింది. ఏసుదాసుగారు ఫోన్ లాక్కుని, స్వెటర్ కిందికి లాగి, అటెన్షన్‌లో నిలబడి తన ఇంగ్లీషులో విన్నవించారు: "హవల్దార్ ఏసుదాసు, మిలిటరీ పోలీస్, రిటైర్డ్. మీవాడు చెల్లుబాటయ్యే చీటీతో దొరికాడు. రేపు తల్లికి ఆపరేషన్. ఇతను పరారీలో లేడు, సెలవు అడుగుతున్నాడు. గడ్డం కూడా గీసుకున్నాడు."

అవతల పెద్ద నవ్వు. ఆ తర్వాత మూడు రోజుల సెలవు.

యోనా ఆయన్ని కావలించుకుని ఇంటివైపు పరుగెత్తాడు. మంగాదేవి ఇక ఉండబట్టలేకపోయింది.

"సర్వీసులో ఎంతమందిని పట్టుకున్నారు అన్నయ్యగారూ?"

"రెండు వేల పైమాటే."

"ఎంతమంది జైలుకెళ్లారు?"

ఆయన అటూ ఇటూ చూశారు. "గడువు దాటకముందే పట్టుకుంటే జైలెందుకమ్మా? ఒక్కడూ వెళ్లలేదు." గొంతు ఇంకా తగ్గించారు. "డెబోరాకు చెప్పకండి. ఇంట్లో నేనంటే ఉన్న ఆ కాస్త భయమూ పోతుంది."

ఎవరికీ చెప్పనని మంగాదేవి నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది. ఆ ఒట్టు మర్నాడు ఆస్పత్రిలో లీలారాణికి మత్తు దిగి, పక్కన కూర్చున్న కొడుకును గుర్తుపట్టి, వీడికి సెలవెలా దొరికిందని మంగాదేవిని అడిగేదాకా నిలిచింది.