మంచు మీద ఒలికిన ఆవకాయ

దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో తినేదేమైనా ఉంటే ముందు తినేయండి. నేను చెప్పబోయేది వింటూ తినలేరు. నా గొంతు పెద్దగా లేవదు, పైన చలికి పాడైంది, అందుకే దగ్గరకు రమ్మంటున్నాను. వినగడపలో పదో తరగతి తప్పి పటాలంలో చేరినవాణ్ణి. రాయడం అంతంత మాత్రం. కాని నాలుక మీద పడిన రుచి ఒక్కటీ మరిచిపోలేదు.

పోస్టు పేరు చెప్పను, అది మా అలవాటు. ఉత్తరాన, మంచు కొండల మీద. నేను చేరింది పొద్దున్న తొమ్మిదిన్నరకి. హెలికాప్టర్ పూర్తిగా దిగలేదు, రెక్కలు ఆగలేదు. "దూకు" అన్నారు, దూకాను. మోకాళ్ళ దాకా మంచు. వీపు మీద సామాను, దాని మీద ఇంకో సంచి. ఆ సంచిలో అమ్మ పెట్టిన ఆవకాయ. గాజు జాడీ అయితే పగులుతుందని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నాన్న పాత పంచె చుట్టి, మూడు ముళ్ళు వేసింది. పక్కనే కారం పొట్లం, చింతపండు ఉండ.

పోస్టంటే ఒక ఫైబరు గుడిసె. ఆరుగురం. మధ్యలో బుఖారీ, అంటే కిరోసిన్ పొయ్యి. పగలూ రాత్రీ అది మండాల్సిందే. దాని మసి గోడలకు, గడ్డాలకు, అన్నానికి పట్టేది. ఉమ్మితే నల్లగా పడేది. నీళ్ళంటే మంచు కరిగించినవే, వాటికీ కిరోసిన్ వాసనే.

లోపలికి వెళ్ళి బూట్లు విప్పానో లేదో, రేడియో ఆపరేటర్ నా చేతిలో ఏదో పెట్టాడు. కాన్పూరు కుర్రాడు. ముక్కు చివర చలికి నల్లబడింది, నోరు మాత్రం ఊరుకోదు. మేమంతా హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. మీ కోసం మన మాటల్లో చెబుతున్నాను.

"తిను, ఆంధ్రా. శాండ్‌విచ్. పోస్టుకు కొత్తగా వచ్చినవాళ్ళకి మర్యాద."

కింద నుంచి వచ్చిన బ్రెడ్డు గడ్డకట్టి ఇటుకలా ఉంటే దాన్ని ఇనుము కోసే రంపంతో కోశాడు. నా కళ్ళ ముందే బ్రెడ్డు పొట్టు రాలింది. రెండు ముక్కల మధ్య టమాటా సాస్ రాశాడు. కొరికాను. ముందు చల్లదనం, తర్వాత కిరోసిన్, ఆ తర్వాత సాస్. పిల్లల దగ్గుమందులో వెనిగర్ పోసినట్టుంది. అది పులుపూ కాదు, తీపీ కాదు. పళ్ళ వెనక అంటుకుని కదలదు. తలుపు తీసి బయట ఉమ్మేశాను.

ఆపరేటర్ పడీ పడీ నవ్వాడు. "మర్యాద ఉమ్మేశావా? మీ ఊళ్ళో ఏం తింటారు?"

"మనుషులు తినేది."

శాండ్‌విచ్ గురించి నా అభిప్రాయం ఆ రోజు ఏర్పడింది, ఇవాళ్టికీ మారలేదు. వండటానికి బద్ధకించినవాడు రెండు ముక్కల మధ్య తన బద్ధకాన్ని దాచి పెడితే అదే శాండ్‌విచ్. వేడి ఉండదు, ఆవిరి ఉండదు, కలుపుకోవడం ఉండదు. వేళ్ళకు పని లేని తిండి తిండేనా?

ఇంకా ఉంది. అక్కడ వంటంతా ఆవనూనెతో. డబ్బా మూత తీస్తే చాలు, ముక్కులో సూది గుచ్చినట్టు ఉండేది. ఆ నూనెలో వేయించిన డబ్బా కూరగాయల్ని తింటూ నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆపరేటర్ దానికీ ఊరుకోలేదు. "నీ పచ్చడిలో ఏముంది, ఆంధ్రా?" అని అడిగాడు. కారం, ఉప్పు, మామిడికాయ, నువ్వుల నూనె, ఆవపిండి అని చెప్పాను. "ఆవాలు మీ అమ్మ నూరితే అమృతం, మా అమ్మ గానుగాడిస్తే కంపా?" అన్నాడు. ఆ మాట నిజమే. ఐనా ఆవనూనె కంపే.

నన్నడిగితే వంటింటికి పెద్ద చింతపండు. ఉప్పు, కారం దాని ముందు చేతులు కట్టుకోవాలి. పాత చింతపండు, నల్లగా, గింజ తీసింది, వేడి నీళ్ళలో నానేస్తే ఇల్లంతా మేలుకుంటుంది. పైన ఏమీ తినబుద్ధి కానప్పుడు ఆ ఉండలోంచి కొంచెం గిల్లి బుగ్గన పెట్టుకునేవాణ్ణి.

నేను, ఆపరేటర్ ఒక తాడు జంట. బయటికి వెళ్ళేటప్పుడు ఇద్దరి నడుములకూ ఒకే తాడు. నేను ముందు, అతను వెనక. చేరిన మొదటి వారంలోనే నా కాళ్ళ కింద మంచు విరిగింది. కింద పగులు. ఎంత లోతో చూడలేదు, చూడాలనుకోలేదు. చంకల దాకా దిగిపోయాను. వెనక అతను బోర్లా పడి, గొడ్డలి మంచులో దిగ్గొట్టి, తాడు పట్టుకున్నాడు. మిగతావాళ్ళు వచ్చి లాగేదాకా వదల్లేదు. పైకి వచ్చాక అతనన్న మొదటి మాట, "ఆకలేస్తోంది. సాస్ ఉందా?"

ఆ సాస్ సీసా గడ్డకట్టకుండా ఉండాలంటే ఒంటి వేడి కావాలి. రాత్రిళ్ళు వంతులేసుకుని దాన్ని పడక సంచిలో పెట్టుకుని పడుకునేవాళ్ళం. నా వంతూ వచ్చేది. నాకు వాంతి తెప్పించే వస్తువును చంకలో పెట్టుకుని పడుకున్నాను. అటు తిరిగినా ఇటు తిరిగినా లోపల గుళగుళమనేది.

తర్వాత వాతావరణం మూసుకుంది. గాలి ఒకటే ఊళ. గుడిసె తలుపు పొద్దున్నా సాయంత్రం పారతో తవ్వాలి. హెలికాప్టర్ రాదు, రాలేదు. ముందు సిగరెట్లు అయిపోయాయి, తర్వాత ఉల్లిపాయలు, ఆ తర్వాత సాస్. సీసాలో నీళ్ళు పోసి గిలకరించి ఆపరేటర్ ఆ నీళ్ళు కూడా తాగాడు. మర్నాటి నుంచి అతను తినడం మానేశాడు.

అంత ఎత్తున ఆకలి చచ్చిపోతుంది. మనం బలవంతంగా తింటాం. అతనికి మాత్రం ఏ ముద్ద నోటి దగ్గరకు తెచ్చినా కడుపు తిరగబడేది. పప్పు పెట్టాం, వద్దన్నాడు. డబ్బాపాలు పోశాం, కక్కాడు. నా ఆవకాయ తీశాను. బుఖారీ పక్కన వేలాడదీస్తేనే ఆ నూనె కరిగేది. ప్రెషర్ కుక్కర్లో అన్నం మెత్తగా వండి, ఎర్రగా కలిపి, ముద్ద చేసి, అమ్మ పెట్టినట్టే నోట్లో పెట్టాను. దీన్ని కాదనే మనిషి పుట్టి ఉండడనుకున్నాను. పుట్టాడు. మొత్తం నా పడక సంచి మీద కక్కేశాడు. ఆవకాయ, కిరోసిన్, పైత్యం. వరసగా కొన్ని రాత్రులు ఆ సంచిలోనే పడుకున్నాను, ఉతకడానికి నీళ్ళెక్కడివి?

నర్సింగ్ అసిస్టెంట్ కేరళ వాడు. నెమ్మదస్తుడు. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"తింటే హెలికాప్టర్ వచ్చేదాకా ప్రాణంతో ఆగుతాడు. తినకపోతే ఆగడు."

"ఎప్పుడొస్తుంది?"

"అది నాకు తెలియదు, అన్నా. తినేది చూడు."

ఆపరేటర్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. "బ్రెడ్డు మీద సాస్ ఉంటే తింటాను" అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు. వాళ్ళమ్మ కాన్పూరు స్టేషను బయట ఆమ్లెట్ బండి నడిపేదట. బడి నుంచి వచ్చాక ఆ బండి దగ్గర బ్రెడ్డు మీద సాసే అతని తిండట.

సరే, సాస్ చేస్తానన్నాను. నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

టమాటాలు లేవు. టమాటా సూపు పొడి పొట్లాలున్నాయి. మిక్స్‌డ్ ఫ్రూట్ జాము డబ్బా ఉంది. దాని సంగతి ఏం చెప్పమంటారు, ఏ పండుకూ పుట్టని తీపి అది. పంచదార ఉంది. పులుపుకు ఏముంది? నా చింతపండు. ఉండ మొత్తం వేడినీళ్ళలో వేశాను. పిసికాను. దాంట్లో సూపు పొడి వేశాను. దాంట్లో జాము వేశాను. ఆ జాము ఎర్రటి ఉండలుగా నా చింతపండు పులుసులో తేలుతుంటే మా నాయనమ్మ చూసిందంటే నన్ను గడప తొక్కనివ్వదు అనిపించింది. ఉడుకుతుంటే గుడిసెంతా వాసన. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ ముక్కుకు మఫ్లర్ చుట్టుకున్నారు.

"జవాన్, నువ్వు వండేది మనిషికా, బూట్లకా?"

"మనిషికే సాబ్."

అన్నిటికంటే ఘోరం, రుచి చూడాల్సింది నేనే. తీపి సరిపోయిందా అని ఒక చెంచా. పులుపు ఎక్కువైందా అని ఇంకో చెంచా. అతని నాలుకకు నచ్చాలంటే నా నాలుకకు ఎంత అసహ్యం కావాలో అంతా అయ్యేదాకా కలిపాను. వాంతి వచ్చేటట్టు ఉన్నప్పుడు, సరిగ్గా కుదిరిందని దించాను.

రంపంతో ఆఖరి బ్రెడ్డు కోసి, రాసి, పెట్టాను. అతను నమిలాడు. చాలాసేపు నమిలాడు. మేమంతా అతని గొంతు వంకే చూశాం. మింగాడు.

"ఇది సాస్ కాదు" అన్నాడు.

"తెలుసు."

"ఛీ, ఎంత చెత్తగా ఉంది, ఆంధ్రా."

"తెలుసురా. ఇంకో ముక్క తిను."

తిన్నాడు. బ్రెడ్డు అయిపోయాక రొట్టె మీద, రొట్టె కుదరనప్పుడు బిస్కెట్ మీద. ఆ గిన్నెలో కంపునే రోజూ మళ్ళీ వేడి చేసి పెట్టాను. అతను లేవలేకపోయాడు గాని ఆగాడు.

ఒక రోజు పదకొండింటికి మేఘం విడిచింది. రేడియోలో కబురు, హెలికాప్టర్ బయల్దేరిందని. అతన్ని పడక సంచిలో చుట్టి, మంచు మీద లాగే జారుడు బల్లకు కట్టి, దిగే చోటికి లాగాం. అక్కడికి వెళ్ళి చూస్తే దిగే చోటే లేదు. గుర్తుకు పెట్టిన ఎర్ర డబ్బాలు, జెండా, అన్నీ ఎక్కడో మంచు కింద. నారింజ రంగు గుడ్డ పరిస్తే గాలి ఎత్తుకుపోయింది. ఆపరేటర్ చేతిలోని రేడియో ఎవరికీ ఇవ్వలేదు. పడుకునే మాట్లాడాడు. పైలట్ గొంతు మాకూ వినపడింది.

"పోస్టు, అంతా తెల్లగానే ఉంది. నేల ఎక్కడో తెలియట్లేదు. ఏదైనా రంగు పెట్టండి. ఒక్కసారే తిరగగలను, మేఘం మళ్ళీ మూస్తోంది. ఓవర్."

సుబేదార్ సాబ్ అటూ ఇటూ చూశారు. చుట్టూ తెలుపు. ఆపరేటర్ నా ప్యాంటు పట్టుకుని లాగాడు.

"ఆంధ్రా, ఎరుపు నీ దగ్గరే ఉందిగా."

పరిగెత్తాను. ఆ ఎత్తున పరిగెత్తకూడదు, గుండె ఆగుతుంది. పరిగెత్తాను. ముందు సాస్ గిన్నె తెచ్చి మంచు మీద కొట్టాను. మట్టి రంగు మరక పడింది, చూస్తుండగానే లోపలికి ఇంకిపోయింది. ఎర్రగా ఉండటం కూడా చేతకాలేదు దానికి. అప్పుడు మళ్ళీ వెళ్ళి డబ్బా తెచ్చాను. బుఖారీ పక్కన ఉంది కాబట్టి నూనె కరిగే ఉంది. అమ్మ వేసినట్టే నేను మళ్ళీ వేసిన ముళ్ళు విప్పే టైము లేదు, పంచెను కత్తితో కోశాను. చుట్టూ తిరుగుతూ పోశాను. ముక్కలు, ఊట, పిండి, నూనె, ఏడాది తినాల్సినది. దాని మీద కారం పొట్లం చింపి చల్లాను.

మంచు మీద అంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు.

"పోస్టు, కనపడింది. ఎర్రటి గుండ్రం. ఏంటది? ఓవర్."

"ఆవకాయ, సాబ్. ఓవర్" అన్నాడు ఆపరేటర్.

హెలికాప్టర్ దిగింది. మంచు వెలుగుకు పెట్టుకునే నల్ల కళ్ళద్దాలకు నూనె అంటితే తీసేశాను, అదే నేను చేసిన తప్పు. రెక్కల గాలికి మంచూ కారమూ ఆవపిండీ లేచి మొహాన కొట్టాయి. కళ్ళు మండిపోయాయి. బల్ల ఒక కొస నా చేతిలో ఉంది. ఏమీ కనపడకుండానే ఎత్తాను. చేతిలో బరువు పోయింది. ఎవరో నా భుజం మీద గట్టిగా కొట్టారు. అది అతని చెయ్యేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

కళ్ళు తెరిచేసరికి చప్పుడు దూరమైంది. సుబేదార్ సాబ్ వంగి ఏదో ఏరుతున్నారు. మామిడికాయ ముక్క. నోట్లో వేసుకున్నారు. తర్వాత అందరం మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకున్నాం. జాము, కిరోసిన్, మంచు అంటిన ఆవకాయ ముక్క. రోతగా ఉంది. ఇంకోటి తిన్నాను.

అతను బతికాడు. కాలి వేళ్ళు రెండు పోయాయి. ఇప్పుడు కాన్పూరులో వాళ్ళమ్మ బండి దగ్గరే ఉంటున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "నీ సాస్ తిన్నాక ఇక్కడ ఏది పెట్టినా బాగుంటోంది" అని ఎకసెక్కెం చేస్తాడు.

నేను తిరిగొచ్చాను. బెజవాడలో బస్సెక్కి తిరువూరులో దిగాను, మా వినగడపకు అదే బస్టాండు. మొన్నొకరోజు మా చెల్లెలి కూతురు బస్టాండు దగ్గర బేకరీకి తీసుకెళ్ళి శాండ్‌విచ్ చెప్పింది. తెల్లటి మయొనీసట, నోట్లో పెట్టుకుంటే చల్లారిన గంజికి నూనె పట్టినట్టుంది. పైన టమాటా సాస్.

"ఏంటి మావయ్యా ఆ మొహం? ఒక్క ముక్క తిను."

"నా వాటా పైనే తినేశానమ్మా."

ఆ అసహ్యం నాతోనే పోతుంది, దాన్ని వదలను. కాని ఏటా ఎండాకాలం అమ్మ కొత్త ఆవకాయ కలిపి, వేడి వేడి తెల్లన్నం మీద వేసి కంచం ముందు పెట్టినప్పుడు, నూనె ఆ తెలుపు మీద గుండ్రంగా పారుతుంది. నా చెయ్యి ఆగిపోతుంది. ఎర్రటి గుండ్రం, పక్కనే బల్ల జారిన చార, పైన ఖాళీ ఆకాశం. "కలుపుకోరా, చల్లారిపోతుంది" అంటుంది అమ్మ. కాసేపటికి గాని కలపలేను.

ఇక లేవండి, పొద్దుపోయింది. ప్రభువు మీ వంటింటిని చల్లగా చూడాలి. మీ జాడీకి బూజు పట్టకూడదు, మీ కంచం దగ్గర ఎవరి చోటూ ఖాళీ కాకూడదు. మీ పిల్లలు ఏ కొండ మీదున్నా, పెట్టింది మింగేటంత ఆకలి, దిగి ఇంటికి వచ్చే దారి వాళ్ళకు దొరకాలి.