ఎల్లమ్మ నమిలిన బియ్యం

కొత్త బియ్యం బస్తా కుట్టు విప్పగానే వచ్చే పచ్చి వాసనకు ఇంటిల్లిపాదికీ అన్నం గుర్తొస్తుంది, నాకు మాత్రం నోరెండిపోతుంది. చెయ్యని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడన్నదే విశ్వవిద్యాలయంలో నా జీవితకాలపు పరిశోధన. తెలంగాణ వచ్చాక పోలీసు శిక్షణ తరగతుల్లోనూ ఉపన్యాసాలు దంచాను, ప్రతిసారీ మా ఊరి కథతోనే మొదలుపెట్టి.

కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో, పెద్దలకు బియ్యమిచ్చే పెత్తరమాస ముందు, సీతాఫలాలు గడ్డిలో మగ్గుతూ, వంటింట్లో నువ్వులు వేగుతూ, పిల్లలమంతా కళ్లెర్రబడేదాకా మోటబావిలో దూకుతూ ఉన్న రోజుల్లో నా వెండి మొలతాడు పోయింది. దొంగను పట్టడానికి మా పెదనాయన పద్ధతి ఒకటే: మంత్రించిన బియ్యం పిడికెడు నమిలించి ఉమ్మించడం. తడిగా పడితే మంచివాడు, పొడిగా రాలితే దొంగ. భయపడ్డ నోట్లో తడి ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా ఆ బియ్యం మా ఇంట్లో ఒక్కరికీ పెట్టలేదు, మా చేలో పనిచేసేవాళ్లనే వరుసగా కూర్చోబెట్టారు. వాళ్లలో ఎల్లమ్మ నోట్లోంచి పొడిపిండి రాలింది. అయినా ఆమె ఒప్పుకోలేదు. పెదనాయన పక్కనే ఉన్న ఆమె ఎనిమిదేళ్ల బిడ్డ ముందుకు బియ్యం పట్టిన చెయ్యి చాచాడు.

"దానికెందుకు పటేలా, నేనే తీసిన," అంది ఎల్లమ్మ.

"యాడ వెట్టినవే?"

"పారేసిన."

ఊరి ముందు నిలబెట్టి తిట్టి, పనిలోంచి వెళ్లగొట్టారు. ఆ తర్వాత ఏ ఇంటివాళ్లూ ఆమెను కూలికి పిలవలేదు.

ఆ రోజు నేను లేచి, "ఆమె దొంగ కాదు" అని గర్జించానని ఉపన్యాసాల్లో చెప్పేవాణ్ని. చప్పట్లు బాగా పడేవి. పచ్చి అబద్ధం. మొలతాడు బావిలో జారిపోయిందని నాకు తెలుసు. బాపు కొడతాడని స్తంభం చాటున సీతాఫలం తింటూ నిలబడ్డాను. పెదనాయనను తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను. ఆ స్తంభం చాటువాణ్ని ఏం చేయాలో మాత్రం నేను చదివిన ఏ శిక్షాస్మృతిలోనూ దొరకలేదు.

మొన్న ఊరికి వెళ్లాను. మా లోగిలి లేదు, మోటబావి పూడ్చి ప్లాట్లు చేశారు, సీతాఫలాల గుట్టను కంకరకు తవ్వేశారు. ఎల్లమ్మ పోయి చాలా ఏళ్లయింది. బిడ్డ ఉంది, అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైందట. ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను.

"మాకెరికే సారూ," అంది. "నువ్వు బావి కాడికెల్లి ఒట్టి నడుముతోని వస్తుంటే మా అమ్మ సూసింది."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఎవలు నమ్ముతుండె? నువ్వే చెప్తవని ఎదురుసూసింది. సచ్చేదాక సూసింది."