వెనక బెంచీ భాను

"సరే అత్తమ్మా, పొద్దుగాల నువ్వన్న మాటకే వస్త. ఈ ప్రైవేటు బడి పనికిరాదంటివి. భానును ఊళ్లె సర్కారు బడికి పంపుదామంటే నీ కొడుకు ఇంకింత పెద్ద ప్రైవేటంటుండు. మరెట్ల?"

మిర్చి కల్లంలో తాలు ఏరుతూ అరుణశ్రీ అడిగింది. అత్త భద్రమ్మ తలెత్తలేదు. ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబడి పాడైన తాలు ఇంకో పక్కకి. నలభై ఏళ్ల పని అది, కళ్లు మూసినా చేతులు చేసుకుపోతాయి.

"సోమవారం పిల్లను కొత్తగూడెం హాస్టల్ల ఏస్తడంట. నాలుగు దెబ్బలు పడితే చదువు అదే వస్తదంట," అరుణశ్రీయే మళ్లీ అంది.

భద్రమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

అసలు ఆ ఇంట్లో ప్రైవేటు ముచ్చట తెచ్చిందే ఆమె. పినపాక దగ్గర వాళ్ల ఊరిని ఆనుకునే బొగ్గు ఓపెన్ కాస్ట్ గని ఉంది. కొడుకు శ్రీశైలం అందులో కాంట్రాక్టు మీద డంపర్ నడుపుతాడు. గని పనివాళ్ల పిల్లలంతా టైలు కట్టుకుని పసుపు బస్సెక్కుతుంటే, తన మనవరాలు భాను ఊళ్లో బడికి నడిచి పోవడమా? అరుణశ్రీ అడ్డం చెప్పబోతే, "నువ్వు సర్కారు బడిల చదివి ఏ కలెక్టరువైనవే?" అని నోరు మూయించింది. మొదటిరోజు బస్సు దగ్గర వీధంతా వినబడేలా టాటా చెప్పింది. వీధంతా వినబడడం ఆ ఊళ్లో పెద్ద విశేషం కాదు లెండి. పగలూ రాత్రీ డంపర్లు తిరిగే చోట మెల్లగా మాట్లాడే మనిషెవరు? "ఉప్పందుకో" అన్నా అరుపే, "ముద్దు పెట్టు" అన్నా అరుపే.

ఆ అరుపులే కొంప ముంచాయి. భాను ఇంట్లో చెప్పిన పనల్లా చేసేది, బడిలో డిక్టేషన్ అంటే మాత్రం ఖాళీ కాగితం ఇచ్చేది. రెండో తరగతికొచ్చేసరికి వెనక బెంచీకి పంపారు. "పొగరు. పిలిస్తే పలకదు" అని డైరీలో రాశారు. అది చదివి శ్రీశైలం కొట్టాడు. ఓ రోజు భద్రమ్మ కూడా చీపురు తిరగేసింది.

పోయిన వారం సర్కారు బడి మురళీకృష్ణ సారు కల్లానికొచ్చాడు. ఆయన బడిలో పదకొండు మందే ఉన్నారు, వచ్చే ఏటికి పిల్లలు కావాలి.

"ఏంది సారూ, మా లెక్క మీరు గూడ పిల్లల్ని ఏరుకుంటున్నరా?"

"అవ్ పెద్దమ్మా. తాలైనా సరే, ఇయ్యి."

"మా పిల్ల తాలు గాదు!"

సారు నవ్వి, వీపు ఇటు పెట్టి ఆడుకుంటున్న భానును పిలిచాడు. పలకలేదు. దగ్గరికి పోయి పిలిచాడు. చెవి పక్కన చిటికె వేశాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"పెద్దమ్మా, ఈ పిల్ల చెవులు ఎప్పుడన్న చూపిచ్చిన్రా?"

మూడేళ్ల కిందట భాను చెవుల్లో చీము కారింది. దవాఖానాకు పోదామని అరుణశ్రీ ఏడ్చింది. భద్రమ్మ వినలేదు. వెల్లుల్లి నూనె కాచి నెల రోజులు చెవుల్లో పోసింది. చీము ఆగింది, పిల్ల ఏడుపూ ఆగింది. "చూసిన్రా నా వైద్యం" అని వాడకట్టంతా చెప్పుకుంది.

మొన్న పిల్లకు జ్వరమని ఇంట్లో చెప్పి, భద్రమ్మ ఒక్కతే సారు చెప్పిన చెవుల డాక్టరు దగ్గరికి భద్రాచలం తీసుకుపోయింది.

"కుడి చెవి పోయిందమ్మా. ఎడమది సగం ఉంది. మిషన్ పెట్టాలి. ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొహంలోకి చూస్తూ పాఠం చెప్పేవాళ్లుండాలి. చీము పట్టినప్పుడే తెచ్చుంటే..."

మిగతా మాట డాక్టరు మింగేశాడు. భద్రమ్మ మింగలేకపోయింది.

సారును అడిగితే, "నా కుర్చీ పక్కనే కూసోబెట్టుకుంట. తండ్రి వచ్చి చేర్పియ్యాలె" అన్నాడు. తండ్రి రావాలంటే డాక్టరు మాట చెప్పాలి. అది చెబితే నూనె సంగతీ చెప్పాలి. మూడు రోజులుగా ఆమె నోరు పెగల్లేదు.

"అత్తమ్మా, గదేంది! మంచికాయ తాలుల పడేస్తున్నవ్?"

భద్రమ్మ చూసుకుంది. తాలుకుప్ప మీద దోసెడు ఎర్రకాయలు. హాస్టల్లో, ఎవరు పిలిచారో తెలియక, ఎందుకు కొడుతున్నారో తెలియక నిలబడ్డ భాను ఆమె కళ్ల ముందు మెదిలింది.

"అరుణా, ఫోనియ్యి."

"ఎవరికి?"

"నీ మొగునికి."

"డ్యూటీల ఉన్నడు, ఎత్తడు. మూడింటికి దిగుతడు."

"దిగినంకనే చేస్త. నువ్వు గూడ ఈడనే కూసో. నువ్వూ ఇనాలె."

మూడింటికి ఇంకా అరగంట ఉంది. ఫోను ఒళ్లో పెట్టుకుని భద్రమ్మ మాటలు కూర్చుకుంటోంది. హాస్టల్ వద్దని ముందు చెప్పాలా, నూనె సంగతి ముందు చెప్పాలా? నూనె సంగతే ముందు. డంపర్ల మోతలో వాడికి వినబడదు. వినబడేదాకా చెప్పాలి.